స్టీరియోస్కోపు గారికి, ఉభయ నేత్ర కుశలోపరి

మహారాజశ్రీ స్టీరియోస్కోపు గారి సముఖానికి,

నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. రెండు కళ్లకూ చెరో బొమ్మ చూపించి, లోతున్న ఒకే దృశ్యంగా అతికించడం తమరి విద్య. తమరి విషయంలో ఉభయం అంటే రెండు కళ్లే కాబట్టి రెండూ క్షేమమని తలుస్తాను. మా ఇంట్లో ఒక కంటికి కాస్త ఇబ్బందిగా ఉంది. ఆ సంగతి తర్వాత.

తమరు నాకు దొరికింది పెన్సిల్వేనియాలో. అమ్మ గుంటూరు నుంచి వచ్చిందని పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనం చేయించి, అటునుంచి అటే నయాగరా చూపిద్దామని బయల్దేరాం. అమెరికా వచ్చిన తెలుగు అమ్మానాన్నలకు నుదుటి మీద రాసిపెట్టి ఉన్న రూటే అది. ఓ గంటన్నర పోయాక మీడ్‌విల్ దగ్గర కాఫీకి ఆగితే పక్కనే పాత సామాన్ల కొట్టు. విరిగిన కుట్టుమిషనుకీ, ఎవరి పెళ్లివో తెలియని పింగాణీ పళ్లేలకీ మధ్య తమరు బోర్లా పడి ఉన్నారు. పొడుగాటి చెక్క కాడ, కింద మడత పిడి, మొహం ఆనించడానికి రేకు ముసుగు, దాని అంచున పురుగులు తినగా మిగిలిన మఖమల్. పక్కనే డబ్బాలో ఓ నలభై కార్డులు, ఒక్కోదాని మీద పక్కపక్కనే రెండేసి ఫోటోలు. మొత్తం అరవై డాలర్లన్నాడు. నలభైకి అడిగితే కొట్టాయన నావైపు జాలిగా చూసి, "ఇది ఎడ్యుకేషనల్ అండీ" అన్నాడు.

ఇచ్చేశాను. చదువు అన్న మాట చెవిన పడితే మా వాళ్ల చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. ఎల్‌కేజీ ఫీజు దగ్గర్నుంచీ అదే వరస.

ఇంటికొచ్చి తమరి వంశ చరిత్ర తిరగేశాక అర్థమైంది, ఆ మాట కొట్టాయనది కాదు, తమరిదే. పుట్టుకలో మాత్రం మచ్చ లేదు, ఒప్పుకుంటాను. 1838లో వీట్‌స్టోన్ అనే శాస్త్రవేత్త లండన్‌లో రెండు అద్దాలు, రెండు గీత బొమ్మలు పెట్టి, మన రెండు కళ్లూ ఆరు, ఆరున్నర సెంటీమీటర్ల ఎడంలో ఉండి ఒకే వస్తువును చెరో రకంగా చూస్తాయనీ, ఆ తేడాలోంచే మెదడు లోతును పట్టుకుంటుందనీ చూపించాడు. అప్పటికి ఫోటో సంగతి లోకానికి తెలియనే తెలియదు. అది నిజంగా చదువే. తర్వాత బ్రూస్టర్ అనే ఇంకో శాస్త్రవేత్త అద్దాలు తీసేసి కటకాలు పెట్టాడు. 1851లో లండన్ ఎగ్జిబిషన్‌లో విక్టోరియా రాణిగారు అందులోకి తొంగిచూసి ముచ్చటపడ్డారు. ఇంకేం, శాస్త్రం అక్కడ దిగిపోయి వ్యాపారం ఎక్కి కూర్చుంది. 1854లో పుట్టిన లండన్ స్టీరియోస్కోపిక్ కంపెనీ వాళ్ల నినాదం ఏమిటో తెలుసుగా? స్టీరియోస్కోపు లేని ఇల్లు ఉండకూడదట!

నా చేతిలో ఉన్న ఈ కాడా పిడీ ఆకారం హార్వర్డ్‌లో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పిన డాక్టర్ ఆలివర్ వెండెల్ హోమ్స్ పుణ్యం. పేటెంటు కూడా తీసుకోలేదు పాపం. కానీ ఆయన 1859లో ఒక మాట రాశాడు. దక్షిణ అమెరికాలో పశువులను తోళ్ల కోసం వేటాడి కళేబరాలను వదిలేసినట్టు, ఇక లోకంలోని వింతలన్నిటి తోళ్లూ ఒలుచుకుని అసలు వస్తువును వదిలేస్తాం అని. తిడుతూ కాదు, మురిసిపోతూ రాశాడు! సెల్ఫీ కర్ర ఇంకా పుట్టకముందు.

ఆ తోళ్లను, అంటే ఈ బొమ్మ కార్డులను, ఇంటింటికీ మోసింది కాలేజీ కుర్రాళ్లు. 1881లో కాన్సస్‌లో ఈ కార్డుల వ్యాపారం మొదలుపెట్టిన అండర్‌వుడ్ అన్నదమ్ములు వేసవి సెలవుల్లో వాళ్లకు సంచులిచ్చి పంపేవాళ్లు. 1901 నాటికి రోజుకు 25 వేల కార్డులు తయారయ్యేవట. అసలు తెలివి డబ్బాలో ఉంది. కార్డులు పెట్టుకునే డబ్బా అచ్చం పుస్తకంలా ఉండేది. అలమారలో నిలబెడితే, వచ్చిన చుట్టానికి ఈ ఇంటాయన మహా చదువరి అనిపించాలి. లోపల చదవాల్సింది తక్కువ, చూడాల్సింది ఎక్కువ. మా పెదనాన్నగారి హాల్లో తాళం తీయని గాజు బీరువా గుర్తొచ్చి నవ్వొచ్చింది. చదువును అలంకారంగా పెట్టుకోవడం మాకే చేతనవుననుకున్నాను.

కార్డులతో పాటు మ్యాపు ఉండేది. ఫలానా నంబరు దగ్గర మీరు నిలబడ్డారు, ఇటు గీత నుంచి అటు గీత దాకా మీకు కనిపిస్తుంది అని. కుర్చీలోంచి లేవకుండా నిలబడటం అన్నమాట. మన దేశం సెట్టు కూడా వేశారు, 100 కార్డులు. తీసింది జేమ్స్ రికాల్టన్ అనే న్యూజెర్సీ బడిపంతులు. అంతకుముందు ఎడిసన్ బల్బు ఫిలమెంటుకు పనికొచ్చే వెదురు వెతకమని ఆయన్ని తూర్పు దేశాలకు పంపాడు. వెదురు వెతికిన కళ్లతోనే మమ్మల్నీ వెతికారు కాబోలు. కొన్ని అండర్‌వుడ్ కార్డుల వెనక బొమ్మ పేరు ఆరు భాషల్లో ఉంది, స్వీడిష్‌తో సహా. ఏనుగు మాది, కాశీ ఘాట్ మాది, భాష మాత్రం స్వీడన్ వాళ్లది.

ఇక బడి. మేం కాఫీకి ఆగిన ఆ మీడ్‌విల్‌లోనే 1892లో కీస్టోన్ వ్యూ కంపెనీ పుట్టింది. బడుల కోసం 600 బొమ్మల సెట్టు తయారుచేసి, ఏ పాఠానికి ఏ బొమ్మో టీచర్లకు గైడు కూడా ఇచ్చింది. బాగానే ఉంది. కానీ మహాప్రభో, తమరిలోకి ఒకసారికి ఒక్క మొహమే పడుతుంది. క్లాసులో నలభై మంది. ఒకడు ఈజిప్టు పిరమిడ్ల ముందు నోరు తెరుచుకుని ఉంటే మిగతా ముప్పై తొమ్మిది మంది వెనక ఏం చేస్తారో ఏ గైడులో రాశారు? రేషన్ షాపు క్యూ చూసినవాడికి చెప్పక్కర్లేదు. 2014లో గూగుల్ అట్టముక్కకు రెండు కటకాలు తగిలించి, లోపల ఫోను పెట్టి చూడమని 'కార్డ్‌బోర్డ్' వదిలింది. ఆ తర్వాత దానికీ బడుల పేరు చెప్పారు. మునిమనవడికి తాత పోలిక తప్పుతుందా?

పైన చదువు సరే, డబ్బా అడుగున ఏముందో కూడా చూశాను లెండి. కొత్తగా చేరిన ఫ్రెంచి వంటమనిషి, పిండి కలుపుతుంటే వెనకే ఇంటాయన. తర్వాతి కార్డులో ఆయన నల్లకోటు వీపు మీద రెండు తెల్లటి పిండి చేతులు. ఎదురుగా ఇల్లాలు. భూగోళ శాస్త్రం కార్డులు కొత్తవాటిలా ఉన్నాయి, ఈ కార్డుల మూలలు మాత్రం వేళ్లు పడి పడి నల్లబడ్డాయి. తమరి మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

న్యాయంగా చెప్పాలంటే, మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. కార్డును తీగ కొక్కేల్లో గుచ్చి, అడ్డకర్రను ముందుకూ వెనక్కూ జరుపుతుంటే రెండు బొమ్మలు తాగినవాళ్లలా ఊగుతూ దగ్గరికొచ్చాయి. ఒక్క క్షణంలో ఠక్కున అతుక్కున్నాయి. నయాగరా అంచున కట్టె మీద కూర్చున్న టోపీ మనిషి నా ముక్కు ముందుకొచ్చేశాడు, పక్కకు జరగమందామనిపించింది. వెనక జలపాతం మాత్రం గోడకు అంటించిన క్యాలెండరులా చదునుగా ఉంది. దూరం పోయేకొద్దీ రెండు కళ్ల చూపుల్లో తేడా చిక్కదు, అందుకే ఫోటోగ్రాఫర్లు ముందు ఒక రాయినో మనిషినో పెట్టేవాళ్లు. దూరపు కొండలు నునుపు అని మావాళ్లు కటకాలు లేకుండానే కనిపెట్టారు.

కారులోనే అమ్మకిచ్చాను. ముందు ఈ నయాగరా, తర్వాత కాశీ కార్డు పెట్టి మరీ. అక్కడ తొమ్మిది నిద్రలు చేసొచ్చిన మనిషి కదా, సంబరపడుతుందని. చాలాసేపు తిప్పింది.

"ఏముందిరా ఇందులో? మామూలు ఫోటోనేగా."

అప్పుడు తట్టింది, ఎడమ కంటికి శుక్లం. ఇండియా వెళ్లగానే ఆపరేషన్. ఒక కన్ను మసకైతే తమరి విద్య మొత్తం అట్టముక్కే.

"మా చిన్నప్పుడు తిరునాళ్లకి కాశీపట్నం పెట్టె మోసుకొచ్చేవాడు" అంది అమ్మ. "పది పైసలకి కాశీ, ఢిల్లీ, అన్నీ చూపించేవాడు. పాట కూడా పాడేవాడు. నీదానికి పాట రాదా?"

రాదన్నాను. ఆ పెట్టెవాడు చదువు అని కూడా అనలేదు, అది మాత్రం పైకి అనలేదు.

మర్నాడు నయాగరా. పడవలో అందరికీ నీలం ప్లాస్టిక్ కోట్లు తొడిగారు. తుంపర మొహాన కొట్టి అమ్మ బొట్టు కరిగి ముక్కు దాకా కారింది. చెవిలో అరిస్తే తప్ప వినబడదు.

"కారులో చూపించావే, అదేనా ఇది?"

"అదేనమ్మా."

కోటు చేత్తో కళ్లు తుడుచుకుని, "మరి ఆ అట్ట తడవలేదేం?" అంది.

ఈ ప్రశ్నకు జవాబు, వీలైతే తెలుగులో, రాయించి పంపగలరు. అడ్డకర్ర మీద ఎడమ కొక్కెం కూడా విరిగి ఉంది, కొట్టాయన చెప్పలేదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
అరవై డాలర్లు సమర్పించుకున్న తమ విధేయుడు