పాలోళ్ల లెక్క, వై క్రోమోజోమ్ లెక్క

పోయిన నవంబర్‌లో న్యూజెర్సీ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. తమ్ముడంటే మా చిన్నతాత మనవడు. వాళ్ల తాతా మా తాతా అన్నదమ్ములు. దేవరకొండ దగ్గర మా ఊళ్లో చెప్పాలంటే మేం పాలోళ్లం, అంటే దాయాదులం. ఒకరింట్లో చావు జరిగితే రెండిళ్లకూ మైల. ఇద్దరం డీఎన్ఏ టెస్టు చేయించుకున్నాం, రిజల్టు ఒకే వారంలో వచ్చింది. తండ్రి వైపు గ్రూపు నాకు హెచ్ అని వచ్చింది, వాడికి ఎల్ అని వచ్చింది. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. తర్వాత వాడు గొంతు తగ్గించి, "అన్నా, మన ముసలోళ్లల్ల ఎవరి మీదనన్న ఏమన్న మాట ఉండెనా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఎప్పుడో కాలం చేసిన ఆడమనిషిని, మనల్ని పెంచిన వాళ్లను పెంచిన మనిషిని, ఒక ప్లాస్టిక్ గొట్టంలో ఉమ్మి పోసి పంపినందుకు బోనులో నిలబెట్టాం. ఇలాంటి ఫోన్లు మన తెలుగువాళ్లలో ఇంకా చాలా ఇళ్లలో నడుస్తున్నాయని తర్వాత తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆ అక్షరం ఏమిటో చూద్దాం. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వస్తుంది, దాదాపు మార్పు లేకుండా వస్తుంది. అప్పుడప్పుడు దాని డీఎన్ఏ రాతలో ఒక అక్షరం మారుతుంది, ఆ మార్పు ఆ తర్వాతి మగపిల్లలందరికీ గుర్తుగా నిలిచిపోతుంది. ఆ గుర్తులను బట్టి గీసిన కొమ్మలే హాప్లోగ్రూపులు. మన వైపు ఎక్కువగా కనిపించేవి హెచ్, ఆర్1ఏ, ఆర్2, ఎల్, జె2. ఆడపిల్లలకు వై క్రోమోజోమ్ ఉండదు కాబట్టి వాళ్లు తమ తండ్రి వైపు గ్రూపు తెలుసుకోవాలంటే నాన్నో, అన్నదమ్ముడో, చిన్నాయనో టెస్టు చేయించుకోవాలి.

మొత్తం వై క్రోమోజోమ్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా మొదటిసారి చదివింది 2023లో. అందులో సుమారు 6.2 కోట్ల అక్షరాలున్నాయి. మనం కొనే మామూలు కిట్ అందులో ఏరిన కొన్ని వేల చోట్లు మాత్రమే చూస్తుంది. రా డేటా ఫైలు, అంటే మిషన్ చదివిన అక్షరాల జాబితా, కంపెనీ సైటు నుంచి డౌన్‌లోడ్ చేసి తెరిచి చూడండి. వరుసకు కొన్ని గళ్లు: గుర్తు నంబరు, క్రోమోజోమ్, స్థానం, అక్షరం. 23అండ్‌మీ అనే కంపెనీ ఫైల్లో చివరికి పోతే వై వరుసలు వస్తాయి. యాన్సెస్ట్రీ అనే ఇంకో కంపెనీ వాళ్లు తండ్రి వైపు గ్రూపు చెప్పరు గానీ, వాళ్ల ఫైల్లో 24 అని ఉన్న వరుసలు వైవే. కొన్ని చోట్ల అక్షరానికి బదులు రెండు గీతలో సున్నాలో ఉంటాయి. అంటే అక్కడ మిషన్ చదవలేకపోయింది, మీకు ఆ మార్పు లేదని కాదు. ఈ చిన్న తేడా తెలియక చాలామంది పొరపాటు పడుతున్నారు.

ఇంకో పొరపాటు పేర్లతో. సొంత అన్నదమ్ములు రెండు కంపెనీల్లో చేయించుకుంటే ఒకరికి ఆర్-ఎం198 అనీ, ఇంకొకరికి ఆర్-ఎల్657 అనీ రావచ్చు. టెన్షన్ పడాల్సిన పని లేదు. ఇది అడ్రసు చెప్పినట్టు, ఒకరు నల్గొండ జిల్లా అని చెప్పి ఆగారు, ఇంకొకరు ఊరు, వాడ దాకా చెప్పారు. రెండో కొమ్మ మొదటి దాని లోపలిదే. అడగాల్సింది ఒక్కటే, ఒక కొమ్మ ఇంకో కొమ్మ లోపల ఉందా లేదా అని. మా ఇద్దరిదీ అలా కాదు. హెచ్, ఎల్ కొమ్మలు విడిపోయి నలభై వేల ఏళ్లకు పైనే అయింది. పేరు తేడా అని సర్దుకోవడానికి వీల్లేదు.

అక్షరం ఒకటే అయినంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టూ కాదు. ఇద్దరికీ ఆర్1ఏ వచ్చిందంటే వాళ్ల మూలపురుషుడు వేల ఏళ్ల కిందటివాడు కావచ్చు. దగ్గరి వరుస తేలాలంటే వై మీద 37 లేదా 111 మార్కర్ల, అంటే ఏరిన చోట్ల, పోలిక కావాలి, లేదా బిగ్ వై లాంటి లోతైన టెస్టు కావాలి.

ఇప్పుడు నాకు బాగా బాధ కలిగించే విషయం. ఉగాది కార్యక్రమంలో భోజనాల దగ్గర ఒక పెద్దాయన, "మా వాళ్లందరిదీ ఆర్1ఏ" అన్నారు, పక్కన కూర్చున్న కుర్రాడి కులం అడిగిన వెంటనే. ఆయన మాటలో ఆ అక్షరం కొత్త కులం సర్టిఫికెట్ అయిపోయింది. మన నల్లమల అడవుల సంగతి ఆయనకు చెప్పాను. అక్కడి చెంచుల మీద 2003లో అచ్చయిన పరిశోధనలో నాలుగో వంతు మగవాళ్లకు ఆర్1ఏ ఉంది. ఆ ఒక్క లెక్కతోనే ఆయన వాదం పడిపోతుంది. హైదరాబాద్‌లోని మన జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్ హార్వర్డ్ వాళ్లతో కలిసి 2013లో చెప్పింది ఇంకా ముఖ్యం. సుమారు 4,200 ఏళ్ల కిందటి నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలో జనం బాగా కలిసిపోయారు, లోపలి లోపలే పెళ్లిళ్లు చేసుకోవడం గట్టిపడింది ఆ తర్వాతే. కిట్ చెప్పే కొమ్మలు చాలావరకు అంతకంటే ముందువి. కులం కంటే ముందు పుట్టిన గుర్తు కులాన్ని ఎలా చెబుతుంది?

పైగా ఇది ఒక్క గీత. పది తరాలు వెనక్కి పోతే ఆ తరంలో మీకు 1,024 స్థానాలు. మేనరికాల వల్ల ఒకే మనిషి రెండు మూడు చోట్ల ఉండొచ్చు, అయినా వై చెప్పేది వాళ్లలో ఒక్క మగాడి గురించే. ఒంటికి పనికొచ్చే సంగతులు కూడా అక్కడ ఉండవు. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైము లోపం ఉంటుంది, ఆపరేషన్ ముందు మత్తు డాక్టరుకు ఆ సంగతి తెలియాలి. అది తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చేది, వైతో దానికి సంబంధం లేదు.

తండ్రి గీతే వంశమని మన నేల ఎప్పుడూ అనుకోలేదు. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద ఎవరి కాలపు శాసనం దొరికిందో, ఆ ఇక్ష్వాకు రాజుల పేర్లు చూడండి. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. కృష్ణ ఒడ్డున రాజ్యమేలిన మగవాళ్లు తల్లి పేరుతో రాళ్ల మీద నిలబడ్డారు. ఇక మన ఇళ్లలో ఇల్లరికం ఉంది, దత్తత ఉంది. కొడుకులు లేని ఇంటికి వచ్చిన అల్లుడి పిల్లలు తాత ఇంటిపేరే పెట్టుకున్న ఇళ్లు మా ఊళ్లోనే మూడున్నాయి. ఇంటిపేరు ఒక దారిన, వై ఇంకో దారిన పోయిన ఇళ్లవి. ఎవరూ ఏ తప్పూ చేయలేదు.

మా సంగతి తేల్చింది మా మేనత్త. ఎనభై దాటింది, ఊళ్లోనే ఉంటుంది. వీడియో కాల్‌లో తమ్ముణ్ణి కూడా కలిపాను. ఎలా అడగాలో తెలియక తడబడుతుంటే ఆమే అర్థం చేసుకుంది.

"దానికింత గుంజాటమెందుకు బిడ్డా! మీ ముత్తవ్వ చెల్లె పురిట్ల సచ్చిపోయింది. తొమ్మిది దినాల పిల్లగాన్ని సంకలేసుకొని తెచ్చుకున్నది ముత్తవ్వ. అప్పటికి మీ తాత సంటి పిల్లగాడే. ఇద్దరికీ పాలిచ్చి సాదింది. ఊరందరికెరుక, మీకే ఎవ్వలు చెప్పలే."

ఆ తొమ్మిది రోజుల పిల్లగాడే తమ్ముడి తాత. తమ్ముడు స్క్రీన్ మీద కళ్లు తుడుచుకున్నాడు. పాలోడు అనే మాట పాలు పంచుకునేవాడని, అంటే భూమిలో వాటా అని నాకు తెలుసు. అత్త మాత్రం "ఒక్క పాలు తాగినోళ్లు పాలోళ్లు గాకుంటే ఎవలైతరు?" అంది.

ఆ రాత్రి మళ్లీ రిజల్టు తెరిచి, ఈసారి వై కాకుండా మొత్తం డీఎన్ఏ పోలిక చూశాను. మా తాతలు సొంత అన్నదమ్ములైతే మా ఇద్దరికీ సగటున రెండు వందల పైచిలుకు సెంటీమోర్గాన్లు (డీఎన్ఏ ఎంత కలిసిందో చెప్పే కొలత) కలవాలి. మాకు కలిసింది డెబ్బై చిల్లర. అక్కచెల్లెళ్ల కొడుకుల మనవళ్లకు సగటున ఉండే లెక్క అది. మేనరికాలు ఎక్కువైన ఇళ్లలో ఈ అంకె పెరిగిపోతుంది కాబట్టి అంకె ఒక్కదాన్నే నమ్మొద్దు. కానీ అత్త మాటతో కలిపి చూస్తే అంతా అతికింది. మా రక్త సంబంధం ముత్తవ్వ వైపు నుంచి ఉంది. వై దాన్ని చూడలేదు, చూసే వీలు కూడా దానికి లేదు.

అందుకే నా మాట గట్టిగానే చెబుతున్నాను. కిట్ ఆర్డర్ చేసే ముందు ఊళ్లో బతికున్న పెద్దవాళ్లకు ఫోన్ చేయండి. రికార్డు చేసుకోండి, వాళ్లు పోతే మళ్లీ దొరకరు. మీరు ఒక్కరు టెస్టు చేయించుకుంటే పాలోళ్లందరి తండ్రి గీతా బయటపడుతుంది, కాబట్టి వాళ్లకు ముందే చెప్పండి. 23అండ్‌మీలో 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు దొంగల పాలయ్యాయి, 2025లో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. పని అయిపోతే డేటా తీసేయించుకోవడం మంచిది. తేడా వస్తే మాత్రం ఇల్లరికం, దత్తత, సాదుకోవడం గురించి అడగకుండా ఏ ఆడమనిషి పేరూ ఎత్తొద్దు.

మేం ఇప్పుడు వంశవృక్షం తిరిగి రాస్తున్నాం. 1954-55 కాస్రా పహాణీ, అంటే పాత భూమి రికార్డు, నకలు తెప్పించాం. అందులో చిన్నతాత పేరు పక్కన తండ్రిగా మా ముత్తాత పేరే ఉంది, మా వృక్షంలోనూ అలాగే ఉంచాం. పక్కన ఎల్ అని చిన్నగా రాసుకున్నాం. పైన కన్నతల్లికి ఒక గడి గీశాం. అత్తను అడిగితే, "చిన్నవ్వ అనేటోళ్లు, అసలు పేరు యాదికి లేదు" అంది. ముత్తవ్వ పుట్టిన ఊరు కొండమల్లేపల్లి అవతల ఉంది, వాళ్ల వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారట. దసరాకు తమ్ముడూ నేనూ పోతున్నాం, ఆ పేరు అడగడానికి.