రామారావు గారి కెమిస్ట్రీ గురించి ఇంకా రాయండి

మందుల తయారీ పద్ధతులు కనిపెట్టిన కెమిస్ట్ ఎ.వి.రామారావు గారి మీద వ్యాసం రాసినందుకు థ్యాంక్స్ అండీ, కానీ అదంతా పదవులు, పద్మభూషణ్ చుట్టూనే తిరిగింది, ఆయన కెమిస్ట్రీకి రెండు లైన్లే మిగిలాయి. మాది చౌటుప్పల్ దగ్గర, ఇక్కడ చాలా ఇళ్లలో మందుల కంపెనీకి పోయేవాళ్లు ఉంటారు, అందుకే చెప్పాలనిపించింది. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా తయారు చేసే పద్ధతికే పేటెంట్ ఇచ్చింది, 2005 దాకా అంతే. అంటే అదే మందును వేరే దారిలో తీయగల కెమిస్టులు కావాలి. పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీ (ఎన్‌సీఎల్)లో, తర్వాత డైరెక్టర్‌గా ఉన్న హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)లో రామారావు గారు ఆ పనే చేశారు. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ తయారీ పద్ధతి ఐఐసీటీ నుంచే మందుల కంపెనీ సిప్లాకు వెళ్లింది, విదేశీ ధరతో పోలిస్తే ఎంతో తక్కువకు ఇక్కడ దొరికింది.

ఫ్లాస్కులో గ్రాము తీయడం వేరు, ఫ్యాక్టరీలో వేల లీటర్ల పాత్రలో, అంటే రియాక్టర్‌లో తీయడం వేరు. ఫ్లాస్కు చల్లబడినంత తొందరగా రియాక్టర్ చల్లబడదు, వేడి బయటికి పోకపోతే రియాక్షన్ అదుపు తప్పుతుంది, ప్రాణాలు పోతాయి. ల్యాబ్‌లో లాగా కాలమ్ వేసి, అంటే పొడి నింపిన గొట్టం గుండా పంపి శుద్ధి చేయడం టన్నుల్లో కుదరదు, స్ఫటికాలుగా దింపాలి. వాడిన సాల్వెంట్‌ను (కరిగించే ద్రవాన్ని) మళ్లీ పట్టుకోకపోతే ఖర్చే కాదు, ఊరి బోర్లు కూడా పాడవుతాయి, అది మా దిక్కు వాళ్లకు బాగా తెలుసు.

నల్లగొండ ఎంజీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసిన పిల్లలు ఇలాంటి ప్లాంట్లకే వస్తున్నారు. వాళ్ల కోసమైనా ఆయన ఏ స్టెప్పు ఎందుకు మార్చారో వివరంగా ఇంకో భాగం రాయండి.