అడక్కుండా నా మడిలో చెయ్యి పెట్టకండి

ఇప్పుడే ఉమ్మడి తోట నుంచి వచ్చాను. చేతుల మట్టి కూడా కడుక్కోలేదు, ముందు ఇది రాయాలి.

పక్క మడి ఆయన నా మడిని శుభ్రం చేసి పెట్టారు. తీగలు ఎండిపోతున్నాయట, చూడ్డానికి బాగోలేదట. నాలుగు గుమ్మడికాయలూ తెంపి గట్టు మీద పేర్చారు. ఒక్కదానికీ తొడిమ లేదు! మెలిపెట్టి లాగేశారు. గోరు నొక్కితే తొక్కలోకి దిగిపోతోంది, అంటే ఇంకా ముదరనే లేదు. ఇంకో రెండు వారాలు ఆగితే తొడిమ బెండులా ఎండేది, తొక్క గట్టిపడేది. రెండు మూడు అంగుళాల తొడిమ ఉంచి కోసి, ఓ పది రోజులు ఎండలో ఆరబెడితే నెలల తరబడి నిల్వ ఉండేవి. తొడిమ ఊడిన చోటే కుళ్లు మొదలవుతుందండీ.

శరదృతువు మొదట్లో తోట ఇలాగే ఉంటుంది. పగలు తగ్గుతుంది, రాత్రి చల్లబడుతుంది, గుమ్మడి ఆకుల మీద బూడిద తెగులు తెల్లగా పరుచుకుంటుంది. ఆకు వాడిందని పాదు పని అయిపోయిందనుకుంటే ఎలా? పచ్చి టమాటాల విషయంలోనూ ఇదే గొడవ. ఇంట్లో అందరూ వాటిని తెచ్చి కిటికీలో ఎండకు పెడతారు. కోసిన టమాటా పండటానికి వెచ్చదనం చాలు, ఎండ అక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పాలి!

సరే, గుమ్మడికాయలు పోతే పోయాయి. బీన్స్ మొక్కలు కూడా వేళ్లతో సహా పీకేశారు. కాయలు గలగలలాడేదాకా ఎండాలని విత్తనానికి వదిలినవి అవి. మూడేళ్లుగా నేను దాచుకుంటూ వస్తున్న విత్తనం. ఆ వేళ్ల బుడిపెల్లో నత్రజని ఉంటుంది, అందుకే మొక్కను నేల మట్టానికి కోసి వేళ్లు మట్టిలోనే వదిలేస్తాను. ఇప్పుడు అవన్నీ చెత్తకుప్పలో ఉన్నాయి.

నాకు అసలు మండేది వేరే. వేసవిలో పది రోజులు ఊరెళ్తూ, కాస్త నీళ్లు పోయండి అని అడిగితే, "ఎవరి మడి వాళ్లే చూసుకోవాలి" అన్నది ఈయనే. తిరిగొచ్చేసరికి దోసపాదు మొత్తం మాడిపోయింది. ఆ రోజు నేను ఒక్క మాట అనలేదు. అప్పుడు ఎవరి మడి వాళ్లదైతే, ఇవాళ నా మడి ఆయనదెలా అయింది?

రేపు పొద్దున్నే వెళ్లి మడి చుట్టూ తాడు కడుతున్నాను. ఆ దోసపాదు సంగతి కూడా ఈసారి ఆయన మొహం మీదే అడుగుతాను.