సవరణ: పిల్లి గోళ్లు తీయించడం గురించి

పోయిన ఆదివారం మా పిల్లి సోఫా చీరేస్తోందని రాస్తూ, "డాక్టరు దగ్గర గోళ్లు పూర్తిగా తీయించేస్తే సరి, మళ్లీ పెరగవు, చిన్న పనే" అన్నాను. అది తప్పు. ఇక్కడ విజయవాడలో మా పిల్లికి టీకాలు వేసే పశువైద్యురాలు బొమ్మ గీసి మరీ చెప్పారు. పిల్లి గోరు వేలి చివరి ఎముక నుంచే పెరుగుతుంది. మళ్లీ రాకూడదంటే ప్రతి వేలికీ ఆ ఎముకనే కోసెయ్యాలి. మన వేళ్లను చివరి కణుపు దగ్గర నరికినట్టే. తర్వాత నడవడానికి నొప్పి, కరిచే అలవాటు మిగలొచ్చు. న్యూయార్క్ రాష్ట్రం 2019లోనే దీన్ని నిషేధించింది. నా పోస్టు చూసి ఎవరైనా ఆపరేషన్‌కి రోజు ఖాయం చేసుకుని ఉంటే, దయచేసి ఆపేయండి.

అదే పోస్టులో నేను రాసిన "పొగరుతో గీకుతోంది" అన్న మాట కూడా సరికాదు. గోరు మీది పాత పొర ఊడడానికి, ఒళ్లు విరుచుకోవడానికి, పంజాల్లోని గ్రంథుల వాసన అంటించి ఇది నా చోటని చెప్పుకోవడానికి గీకుతుంది. మాన్పించలేం, చోటు మార్చగలం. వన్‌టౌన్‌లో కొన్న కొబ్బరి తాడును మూడడుగుల కర్రకి బిగువుగా చుట్టి, ఊగకుండా బరువైన చెక్కకి బిగించి, సోఫా పక్కనే నిలబెట్టాం. ఎక్కడో వెనక గదిలో పెడితే దాని జోలికే పోదు. రెండు మూడు వారాలకోసారి గోరు తెల్లటి కొస మాత్రం కత్తిరిస్తే చాలు. లోపల గులాబీ రంగులో కనిపించే భాగంలో రక్తనాళం, నరం ఉంటాయి.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ తీసేశాను.