పదిహేను నిమిషాలు పెట్టండి, బాగుంటుంది

మొన్న మా ఆఫీసులో డిజాస్టర్ రికవరీ ప్లాన్‌కి మీటింగ్ పెట్టారు. ఎక్సెల్ షీట్లో రెండు గళ్లు ఖాళీ. ఆర్‌పీఓ, అంటే సర్వర్ పోతే ఎంతసేపటి డేటా పోయినా తట్టుకోగలమని. ఆర్‌టీఓ, అంటే పడ్డ సిస్టమ్ ఎంతసేపట్లో లేవాలని. గంటలు పట్టే చర్చ కదా అని నేను టిఫిన్ మానేసి మరీ వెళ్లాను. రెండు నిమిషాల్లో తేల్చేశారు.

"ఆర్‌పీఓ పోయినేడు ఎంత రాశాం?"

"ముప్పై నిమిషాలు సార్."

"అయితే పదిహేను పెట్టండి, ఇంప్రూవ్‌మెంట్ కనిపిస్తుంది."

కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు, పాపం, నోరు జారాడు. "సార్, మన బ్యాకప్ రోజుకోసారి, రాత్రి రెండింటికి కదా, మధ్యాహ్నం ఒంటిగంటకి సర్వర్ పోతే పదకొండు గంటల డేటా గోవిందా." పెద్ద సారు సమోసా ప్లేటు వాడి వైపు జరిపి, "నెగెటివ్‌గా ఆలోచించకు బాబూ" అన్నారు. అసలు సున్నానే పెట్టొచ్చు కదా అని ఫైనాన్స్ ఆయనకి డౌటొచ్చింది. పెట్టొచ్చు, రాసే ప్రతి అక్షరం అదే క్షణంలో ఇంకో చోట కూడా పడాలి, దానికి రెండో డేటా సెంటర్ కావాలి అనేసరికి ఆయన మొహం మాడిపోయింది. "పదిహేనే ఉంచండి." గడిలో టైప్ చేయడానికి ఖర్చేముంది?

దక్షిణ కొరియా ప్రభుత్వం వాళ్లు కూడా 2022లో, డేజాన్ డేటా సెంటర్ ఆగిపోయినా మూడు గంటల్లో లేపేస్తామన్నారు. 2025 సెప్టెంబర్‌లో అక్కడ బ్యాటరీలు అంటుకుని 709 సిస్టమ్‌లు ఆగాయి, అన్నీ లేవడానికి నెలలు పట్టింది. ఉద్యోగుల ఫైళ్లు 858 టెరాబైట్లు బూడిద. మరీ పెద్దదని దానికి బ్యాకప్పే తీయలేదట!

2017లో, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీలో పొరపాటున డేటా చెరిగిపోతే, ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లుండీ సమయానికి ఒక్కటీ సరిగ్గా పనిచేయలేదు, ఒక ఇంజనీరు తన పని కోసం ఆరు గంటల ముందు తీసుకున్న కాపీయే దిక్కయింది. వాళ్లు కనీసం జరిగిందంతా దాచకుండా రాసి బయటపెట్టారు. మా దగ్గరో? ఒక్కసారి బ్యాకప్‌ని రీస్టోర్ చేసి గడియారం చూద్దామంటే మూడేళ్లుగా "ఈ క్వార్టర్ అయ్యాక". సిగ్గుండాలి! అర్ధరాత్రి సర్వర్ పడితే కాల్లోకి పద్నాలుగు మంది దూరి "ఈటీఏ ఎంత, ఈటీఏ ఎంత" (ఎప్పటికి లేస్తుందని) అని బాగుచేసేవాడి ప్రాణం తీసేది వీళ్లే, తెల్లారాక మెమో ఇచ్చేదీ వీళ్లే.

షీట్లో ఆఖరి గడి 'బాధ్యులు'. దానికి మాత్రం చర్చే అవసరం పడలేదు, ఆ కుర్రాడి పేరు టైప్ చేశారు. వాడింకా సమోసా నములుతూనే ఉన్నాడు.