పెద్దల జూదం, పిల్లల మధ్యాహ్నం

కిండర్‌గార్టెన్‌లో, అంటే ఒకటో తరగతికి ముందు తరగతిలో, అయిదేళ్ల పిల్లను రోజంతా ఉంచాలా, సగం రోజు చాలా అన్నది చదువు చెప్పేవాళ్లు తేల్చాల్సిన విషయమని కొందరు అమాయకులు అనుకుంటారు. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం మాత్రం ఈ ప్రశ్నను సరైన చోటికే పంపింది: బార్‌కి.

అక్కడ అమ్మకం పన్ను లేదు, జీతాల మీద రాష్ట్ర ఆదాయపు పన్నూ లేదు. బడి ఖర్చులో సింహభాగం ఇంటి పన్ను మీదే పడుతుంది. చాలా ఊళ్లలో ఏటా మార్చిలో జనం సభ పెట్టుకుని బడి బడ్జెట్ మీద స్వయంగా ఓటేస్తారు. ‘మా కాలంలో కిండర్‌గార్టెనే లేదు, మేం బాగుపడలేదా?’ అని ఓ పెద్దాయన లేస్తాడు. మర్యాదస్తులు కాబట్టి దానికి ఎవరూ జవాబివ్వరు.

రాష్ట్ర ప్రభుత్వం లెక్క ఇంకా శాస్త్రీయం. ఊరు సొంత ఖర్చుతో రోజంతా కిండర్‌గార్టెన్ నడిపినా సరే, ఆ పిల్లను అరమనిషి కింద కట్టి సగం గ్రాంటే ఇచ్చేది. సగం రోజంటే ఇంచుమించు రెండున్నర గంటలు. జనవరిలో అందులో కోటు, మంచు ప్యాంటు, బూట్లు, గ్లవ్స్ విప్పించడానికి కొంత, మళ్లీ తొడగడానికి కొంత పోతుంది. మిగిలింది అక్షరాలకు. జిప్పులు వేయడంలో మాత్రం ఆ పిల్లలకు తిరుగుండదు.

2017లో గవర్నర్ క్రిస్ సునును సంతకంతో సమస్య తీరింది. బార్లలో, రెస్టారెంట్లలో కీనో అనే లాటరీ ఆటకు అనుమతిచ్చారు. ఆ రాబడిని చూపించి, రోజంతా బడికొచ్చే ఒక్కో కిండర్‌గార్టెన్ పిల్లకు అదనంగా 1,100 డాలర్లు ప్రకటించారు. జనం దీనికి ‘కీనోగార్టెన్’ అని ముద్దుపేరు పెట్టారు. సంప్రదాయం లేని పనేం కాదు: ఆధునిక కాలంలో అమెరికాలో తొలి రాష్ట్ర లాటరీ 1964లో ఇక్కడే, అదీ చదువుల కోసమే మొదలైంది. కీనో పెట్టుకోవాలా వద్దా అన్నది ఊళ్ల ఇష్టానికి వదిలేశారు. నాషువా ఓటర్లు సరే అన్నారు. రాజధాని కాంకర్డ్ ఓటర్లు ఛీ అన్నారు. గ్రాంటు ఇవ్వడంలో మాత్రం ఆ తేడా చూపలేదు. పాపం ఒకరికి, ఫలం అందరికీ.

ఈ ఏర్పాటులోని విద్యా దృక్పథాన్ని ఎవరూ గుర్తించకపోవడం నాకు బాధ. కీనోలో 80 అంకెలుంటాయి, అయిదు నిమిషాలకోసారి 20 తీస్తారు. కిండర్‌గార్టెన్‌లో వంద దాకా లెక్కపెట్టడం నేర్పుతారు. సగం రోజు బడిలో యాభై దగ్గరే ఆగిపోయిన పిల్ల రేపు పెద్దయి బార్‌లో కూర్చుంటే, మిగతా ముప్పై అంకెల మీద పందెం ఎలా కాస్తుంది? రాబడి పడిపోదా? రోజంతా బడి కావాలనడానికి ఇంతకన్నా బలమైన ఆర్థిక కారణం నాకు కనిపించలేదు.

మనకు నవ్వే హక్కు లేదనుకోండి. 2021లో ఆంధ్రప్రదేశ్ చట్టం సవరించి, అమ్మఒడి అమలు బాధ్యతను మద్యం అమ్మే బెవరేజెస్ కార్పొరేషన్‌కే అప్పగించింది. నాన్న తాగితే అమ్మకు డబ్బు, పిల్లకు బడి. కుటుంబ ఐక్యత అంటే అదీ.

సగం రోజు బడికి అసలైన విరుగుడు కనిపెట్టింది మాత్రం అమెరికాలోని మన తెలుగువాళ్లే. విజిటర్ వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. సెప్టెంబరులో నానమ్మ, తాతయ్య దిగుతారు. వాళ్లు వెళ్లే వేళకు అమ్మమ్మ పచ్చళ్ల సూట్‌కేసుతో వస్తుంది. విద్యాసంవత్సరం సరిగ్గా సరిపోతుంది. మధ్యాహ్నం భోజనం, పద్యాలు, నిద్ర అన్నీ అందులోనే, పైసా గ్రాంటు లేకుండా. దీని మీద ఇంతవరకు ఏ ఊరి సభలోనూ ఒక్క పెద్దాయనా లేచి అభ్యంతరం చెప్పలేదు. విమానం టికెట్లు అల్లుడివి కదా.