శివరాత్రి వెళ్ళాక జాకెట్టు

చలి ఎప్పుడు పోతుందన్న విషయంలో మా కోనసీమలో వాతావరణ శాఖని ఎవరూ అడగరు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. అంతే. మా ఆవిడ ఆ సామెతని జీవో వచ్చినంత శ్రద్ధగా అమలు చేస్తుంది. జాగారం మర్నాడు నిద్రకళ్ళతోనే రగ్గులూ బొంతలూ ఎండలో పడేసి, మధ్యాహ్నానికి కలరా ఉండలు వేసి, ట్రంకుపెట్టెలో కుక్కి తాళం వేసేస్తుంది. ఆ రాత్రి ఎవరికైనా చలేస్తే అది వాళ్ళ సొంత వ్యవహారం.

చిక్కేంటంటే, చలికి ఈ సామెత తెలియదు. ఈసారి శివరాత్రి వెళ్ళిన నాలుగో రోజుకి మళ్ళీ తిరిగొచ్చింది. మా వైపు ఫాల్గుణం మొదట్లో ఇదొక తంతు. రెండో పంట, అదే దాళ్వా వరి, చేల నిండా నీళ్ళు, ఇటు కాలువ, అటు బోదె. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి ఆగిపోయిందంటే, తెల్లారేసరికి మంచు కమ్మేసి కొబ్బరిచెట్లకి మొవ్వులు మాత్రమే కనిపిస్తాయి, మొదళ్ళు ఉండవు. ఇంట్లో ఉన్నవాళ్ళకి అందంగానే ఉంటుంది. మామిడితోట ఉన్నవాడు మాత్రం పూత మాడిపోతుందని గుండె పట్టుకుంటాడు. థర్మామీటరు చూస్తే 19 డిగ్రీలే. అయినా మఫ్లరు లేనిదే మేము టీకొట్టు దాకా కూడా వెళ్ళం.

మా అబ్బాయి అమెరికాలో, కెనడా సరిహద్దుకి దగ్గరగా వెర్మాంట్ అనే రాష్ట్రంలో ఒక పల్లెటూళ్ళో ఉంటాడు. ఒకసారి ఫోన్లో, "ఇక్కడ మంచు తెగ పడుతోందిరా" అన్నాను. "ఎన్ని అంగుళాలు నాన్నా?" అన్నాడు. మన భాషలో వచ్చిన ఇబ్బంది ఇది. గడ్డి మీద ముత్యంలా నిలిచేదీ మంచే, దారి కనపడకుండా కమ్మేసేదీ మంచే, వాడు పారతో ఎత్తిపోసేదీ మంచే.

చలి పోయే సంగతి అక్కడ ఒక జంతువుని అడుగుతారట. ఫిబ్రవరి 2న పెన్సిల్వేనియాలో పంక్సటానీ అనే ఊళ్ళో, ఉడుత జాతిదే ఒక లావుపాటి ప్రాణిని బయటికి తీస్తారట. అది తన నీడ తాను చూసుకుందా, ఇంకో ఆరు వారాలు చలి ఉన్నట్టు. 1887 నుంచీ ఇదే పద్ధతి. వాడు చెబుతుంటే మా ఆవిడ ఫోన్ లాక్కుని, "ఆ ఎలకని అడిగే బదులు శివుణ్ణి అడగకూడదురా?" అంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు వాడు నాకోసం ఒక జాకెట్ తెచ్చాడు. నల్లటిది. ఇంత లావున, గళ్ళు గళ్ళుగా, పరుపు నిలబడినట్టుంది. "మైనస్ 20 దాకా ఆపుతుంది నాన్నా" అన్నాడు. మా ఊళ్ళో ప్లస్ 17 కే పొయ్యి ముందు చేరే మనిషిని నేను. అయినా కొడుకు తెచ్చింది కదా అని తలుపు వెనక మేకుకి తగిలించాను. శివరాత్రి మర్నాడు మా ఆవిడ దాన్ని కూడా పెట్టెలో పెట్టబోయింది. మూత పడలేదు. అలా బయట మిగిలిపోయింది.

మాకు అంబాజీపేట దగ్గర ఎకరం ముప్పావు చేను. ఈ రోజుల్లో గోదాట్లో నీరు తగ్గితే కాలువలకి వంతులు పెడతారు. మన వంతు తెల్లవారుజామున నాలుగింటికి వస్తే నాలుగింటికే మడవ తీసి నీళ్ళు చేలోకి మళ్ళించుకోవాలి. నాలుగున్నరకి వెళ్తే మన నీళ్ళు పక్కవాడి చేలో తళతళా మెరుస్తుంటాయి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసింది 1852లో. అప్పటినుంచీ మా వంశంలో ఒక్కరైనా ఈ మడవల దగ్గర ఎవరో ఒకరితో మాటామాటా అనుకోకుండా పోలేదు.

ఆ రోజు మూడున్నరకి లేచాను. వంటింట్లో అప్పటికే లైటు వెలుగుతోంది. గుమ్మడి వడియాల కార్యక్రమం. ముందురోజు రాత్రే బూడిదగుమ్మడికాయ ముక్కలు కొట్టి, ఉప్పూ పసుపూ కలిపి, పాత పంచెలో మూటగట్టి, మీద రుబ్బురాయి పెట్టింది. నీరంతా ఓడిపోయింది. ఇప్పుడు పొట్టు మినప్పప్పు కడుగుతోంది. వడియాల రోజు మా ఆవిడతో మాట్లాడాలంటే కలెక్టరుగారితో మాట్లాడటమే తేలిక.

"ఏమేవ్, పెట్టె తాళం ఇటివ్వు. రగ్గు కావాలి."

"శివరాత్రి వెళ్ళిపోయిందండి."

ఇంక మాట్లాడటానికేముంది? లుంగీ పైకి కట్టి, మెడకి తుండు చుట్టి, దాని మీద ఆ జాకెట్ తొడిగాను. చీకట్లో జిప్పు పట్టుకుని గడ్డం దాకా ఒక్క లాగు లాగాను. 'కరక్' అని ఒక శబ్దమైంది. బాగా బిగిసిందిలే అనుకున్నాను. బాగానే బిగిసింది.

వీధికుక్క నన్ను ఎనిమిదేళ్ళ నుంచీ ఎరుగు. ఆవేళ అరుగు కిందకి దూరి మరీ మొరిగింది. చేలో పక్క రైతు మంచులోంచి, "ఎవరండీ అది?" అన్నాడు.

"నేనేనండి, మాస్టార్ని."

"ఆయ్. మీరేనా అండి. గడ్డివామి నడిచొస్తందేటా అనుకున్నానండి."

నిజం చెప్పొద్దూ, రెండు గంటలు స్వర్గంలా ఉంది. నీళ్ళు చేలోకి గలగలా దిగుతుంటే, గట్టు మీద పరుపు తొడుక్కుని నిలబడ్డాను. ఏడున్నరకి మంచు కాస్త పలచబడింది. ఎనిమిదింటికి కొబ్బరాకుల సందులోంచి సూర్యుడు తొంగిచూశాడు. ఎనిమిదింపావుకి నేను జిప్పు మీద చెయ్యి వేశాను.

రాలేదు. కిందకి లాగాను. పైకి లాగి మళ్ళీ కిందకి లాగాను. మూడోసారికి, పట్టుకుని లాగే చిన్న నాలిక ఉంటుందే, అది ఊడి చేతిలోకొచ్చింది. తుండు అంచు కుచ్చులు జిప్పు పళ్ళలో ఇరుక్కుపోయాయి. అంటే మెడకి తుండు, తుండుకి జిప్పు, జిప్పుకి జాకెట్, జాకెట్లో నేను.

ఇంటికొచ్చేసరికి తొమ్మిది. లోపల నేను ఆవిరి కుడుములా ఉడుకుతున్నాను. అరుగు మీద కూలబడగానే ఎదురింటి బావగారు పేపరు మడిచి వచ్చేశారు. "తలమీంచి లాగేద్దాం బావగారూ, ఎంతసేపు" అని ఆయనొక చెయ్యీ, పాలబ్బాయొక చెయ్యీ పట్టుకున్నారు. రెండు చేతులూ పైకెత్తి, తల లోపల, పొట్ట బయట. చెవుల దగ్గర ఆగిపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ఆ చీకట్లో, కలరా ఉండల వాసనలో, నా కొడుకు మీద మొదటిసారి కొంచెం కోపం వచ్చింది. మళ్ళీ కిందకి దింపేసరికి కళ్ళజోడు వంకరపోయింది.

తర్వాత వైద్యం మొదలైంది. పెన్సిల్ ములుకు రుద్దితే వస్తుందని బావగారి మనవరాలు చెప్పింది. అది మంచి సలహాయే. ముందు అదే చేసుంటే బాగుండేది. కానీ అప్పటికే బావగారు కొబ్బరినూనె పోసేశారు. కోనసీమలో తలనొప్పికీ తలుపు బందుకీ ఒకటే మందు. నూనె జిప్పులోంచి లోపలికి దిగి, బనీను మీదుగా బొడ్డు దాకా చల్లగా జారింది. జిప్పు మాత్రం కదల్లేదు. కరెంటు పనిచేసే కుర్రాడు కటింగ్ ప్లేయరుతో పట్టుకుని లాగాడు. రెండు పళ్ళు ఊడాయి. నావి కాదు.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది.

"ఇంక కత్తిరించడమేనండి" అన్నాడు కుర్రాడు. టైలరుకి ఫోన్ చేశాం. "అర్జెంటుగా కత్తెర పట్టుకుని రా, జాకెట్టు ఒంటికి పట్టేసి రావట్లేదు" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. "ఎవరికండి?" అన్నాడు మెల్లగా. "నాకే" అన్నాను. ఇంకాస్త నిశ్శబ్దం. జాకెట్టంటే మా దగ్గర రవికే మరి. ఆ కుర్రాడు దోవ పొడుగునా ఏమనుకుంటూ వచ్చాడో నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

కత్తిరించాలంటే మా ఆవిడ అనుమతి కావాలి. ఆవిడ డాబా మీద ఉంది. పిండి రుబ్బి ముక్కలు కలిపాక వడియాలు పెట్టేయాల్సిందే, పులిస్తే ఎందుకూ పనికిరావు. కాబట్టి ఆవిడ దిగదు. గాలైనా తగులుతుందని మేమే పైకెక్కాం: నేను, బావగారు, మనవరాలు, కరెంటు కుర్రాడు, టైలరు, ఊరికే వచ్చిన ఇంకో నలుగురు. తడిపిన పంచెల మీద వరసలు వరసలుగా వడియాలు, ఒక్కొక్కటీ నిమ్మకాయంత, ముక్కలు పైకి తేలి మెరుస్తున్నాయి. మూడు పంచెలు నిండాయి. నాలుగోది సగంలో ఉంది.

మా ఆవిడ నన్ను కింద నుంచి పై దాకా చూసి, "ఎంత పెట్టి కొన్నాడో పిల్లాడు! కత్తెరేంటండీ? వాణ్ణి అడగండి" అంది. అక్కడ అర్ధరాత్రి. మనకి పదిన్నర. ఒక్క రింగుకే ఎత్తాడు.

"అమ్మా, ఏమైంది? నాన్న బానే ఉన్నారా?"

"బానే ఉన్నార్రా. మీ నాన్న జాకెట్లో ఇరుక్కుపోయారు."

అర్ధరాత్రి లేచినవాడికి ఈ వాక్యం ఒక పట్టాన అర్థం కాదు. రెండుసార్లు చెప్పించుకుని, పక్కన కోడలికి చెప్పి, ఇద్దరూ నవ్వుకుని, అప్పుడన్నాడు: "కోసేయండి నాన్నా, పర్లేదు. కానీ జాగ్రత్త, దాని లోపల..."

లైను పోయింది. మా డాబా మీద సిగ్నల్ వాయవ్య మూల ఒక్కచోటే ఉంటుంది. అక్కడ నాలుగో పంచె పరిచి ఉంది.

"కోసేయమన్నాడుగా" అన్నారు బావగారు.

టైలరు మంచి పనివాడు. జిప్పు పక్కనుంచి మెడ దగ్గర కత్తెర దూర్చి, సర్రున కిందకి దించాడు. అదే క్షణాన సముద్రం వైపు నుంచి పైరగాలి లేచింది. వసంతం మొదట్లో ఈ గాలి కోసం మేము అరుగుల మీద ఎదురుచూస్తాం. ఆ ఒక్కరోజు అరగంట ఆగినా దాని సొమ్మేం పోయేది కాదు.

లోపలున్నది దూది అనుకున్నాను. దూదైతే కిందపడుతుంది. ఇది పడలేదు, లేచింది. చిటికెనవేలి గోరంత తెల్లటి నూగు, వేలూ లక్షలూ, నా పొట్టలోంచి బయల్దేరి ఆకాశంలోకి. ఒక్కొక్కటీ తొందరేమీ లేనట్టు తిరుగుతూ, ఆగుతూ, నా కొబ్బరినూనె చేతులకీ, టైలరు మీసాలకీ, బావగారి బట్టతలకీ అంటుకుంది. చివరికి, అన్నిటికన్నా తడిగా, జిగటగా ఉన్నవాటిని వెతుక్కుని దిగింది.

"తాతయ్యా, మంచు! అమెరికా మంచు!" అని మనవరాలు చప్పట్లు కొట్టింది.

టైలరు తన ముక్కు మీద దాన్ని తీసి చూసి, "బాతు ఈకలండి. ఆయ్. చేలల్లోకి మందలు తోలుకొస్తారే, అవేనండి" అన్నాడు. వడియాల మధ్యలో మా ఆవిడ చేతిలో పిండి ముద్దతో అలాగే కూర్చుని ఉంది. ఏమీ అనలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ఏమీ అనకపోవడం అదే మొదలు. డాబా మీద జనం రెండు నిమిషాల్లో ఖాళీ అయిపోయారు.

ఆ మధ్యాహ్నం 32 డిగ్రీల ఎండలో, తలకి ఆ తుండే చుట్టుకుని, కనుబొమలు పీకే పట్టకారుతో వడియాలకి ఈకలు పీకుతూ కూర్చున్నాను. రిటైరయ్యాక ఏం పీకుతున్నారని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఇప్పుడొకటి ఉంది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఏటా వడియాల దగ్గర కాకుల్ని తోలడానికి ఒక మనిషి కావాలి. ఈసారి ఒక్క కాకీ వాలలేదు. ఎదురింటి పిట్టగోడ మీద వరసగా కూర్చుని, ఈకలొచ్చిన ఆ వడియాల్ని చూసి, తమలో తాము ఏదో అనుకుని లేచిపోయాయి.

నాలుగు రోజులెండాయి. పంచె వెనక్కి తిప్పి నీళ్ళు చిలకరించి ఒలిస్తే చక్కగా ఊడొచ్చాయి. మా ఆవిడ రెండు డబ్బాలకెత్తి, కళ్ళకి శుభ్రంగా కనిపించినవన్నీ పొట్లం కట్టించి కొడుక్కి కొరియరు చేసింది. మిగిలినవి ఎవరు తిన్నారో నేను చెప్పనక్కర్లేదు.

ఉగాది వెళ్ళాక వాడు ఫోన్ చేశాడు. వాళ్ళకి వసంతం వచ్చేసిందట. ఎంత అన్నాను. 8 డిగ్రీలు అన్నాడు. ఒట్టి చొక్కాతో బయట నిలబడి మాట్లాడుతున్నాడు! చుట్టూ బురద. మంచు కరిగి మట్టిరోడ్లన్నీ మన ఆకుమడుల్లా తయారయ్యాయట. కారు దిగబడితే పక్కింటాయన ట్రాక్టరుతో లాగాడట. ఆ ఋతువుకి అక్కడ బురదకాలం అనే పేరట. ఆ పక్కింటాయనే మేపుల్ చెట్లకి చిన్న గొట్టాలు దిగ్గొట్టి నీరా లాంటి రసం తీస్తాడట. రాత్రి గడ్డకట్టి పగలు కరిగితేనే అది కారుతుందట. 40 లీటర్లు కాస్తే లీటరు పాకం. మా తాటిచెట్టు ఎక్కేవాళ్ళకి ఈ లెక్క చెబితే, వెంటనే దండం పెట్టి దిగిపోతారు.

"జాకెట్ ఎలా ఉంది నాన్నా?" అన్నాడు.

"విడిగా ఉంది" అన్నాను.

ఇంతలో కోడలు ఫోనందుకుంది. "అత్తయ్యా, వడియాలు అందాయండీ. వేయించాను, భలే ఉన్నాయి. ఈసారి కొత్తగా కొబ్బరికోరు కూడా కలిపారా?"

మా ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూసింది. నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను.

"అవునమ్మా," అంది. "కోనసీమ కదా."